విరిగిన ఉండలు

శుక్రవారం రాత్రి, గుడియాత్తం

చెల్లెలు సుశీల పోయి ఏడాది. దాని కూతురు దివ్య అడిగిందని ఈ రోజు ఉండల పులుసు పెట్టాను. కందిపప్పు రుబ్బి ఉండలు చేసి, మరిగే పులుసులో ముందుగా ఒకటి వేశాను. విరిగిపోయింది. గిన్నె దించబోతే దివ్య నా చెయ్యి పట్టుకుంది.

"విరిగితే ఏమి పెద్దమ్మా, నోట్లోకి పోతే అంతా ఒకటే కదా! ఆ పొద్దు వేలూరు ఆస్పత్రికి ఉండలు ఎత్తుకుపోయినావే, అమ్మ ఎన్ని తినింది?"

"రెండు" అన్నాను.

"రెండేనా! ఇంట్లో అయితే మాకు ఒకటీ మిగిల్చేది కాదు" అని నవ్వింది. ఏడాదిగా దాని నవ్వు చూడలేదు.

ఆ రోజు నేను పులుసు తీసుకువెళ్ళనేలేదు. సుశీల నోరు తెరిచి అడిగింది అదొక్కటే. ఉండలన్నీ విరిగాయి. అట్లాంటివి రోగికి ఎలా పెట్టేదని ఇడ్లీలు పట్టుకెళ్ళి, రేపు బాగా చేసి తెస్తానన్నాను. "సరేలేక్కా, రేపే తింటా" అంది. తెల్లవారకముందే పోయింది.

సాయంత్రం దీపం పెట్టి, దివ్యకు నిజం చెప్పే ధైర్యం ఇమ్మని స్వామిని అడుగుతున్నాను. వంటింట్లోంచి పిలుపు వినిపించింది.

"పులుసు ఇంకా ఉండాదా?"

దివ్యే. గొంతు మాత్రం అచ్చం సుశీలది. ప్రార్థన అక్కడే ఆగిపోయింది. ఇప్పటిదాకా మళ్ళీ మొదలుపెట్టలేకపోయాను.