సేనాని అంగీ అంచు

తూకూ,
రెండో నెల చివరి వారం.

తమ్ముడు అ-లిన్‌కు అక్క దీవెనలు. ఇక్కడ అందరం కులాసా. అక్కడ నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను. ఈ రెండు ముక్కలూ లేకపోతే ఉత్తరం మొదలైనట్టుండదు కాబట్టి రాశాను. మొదటి ముక్కని మాత్రం ఉత్తరం మొత్తం చదివాకే నమ్ము.

అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగావు. నొప్పి తగ్గిందంటుంది గాని మేడ మెట్లెక్కడం మానేసింది. పైన బట్టలారేసే పని నా నెత్తిన పడింది. నువ్వు కిన్మెన్ దీవి నుంచి పంపిన వేరుశనగ మిఠాయి భద్రంగా అందింది. డబ్బా మూత తీసిన రోజే తియోంగ్ బాబాయి, మన ఆట డోలు తోలు బిగించాలన్న వంకతో వచ్చి సగం ఖాళీ చేశాడు. "వాడు పంపాడంటే నా వాటా కలిపే పంపుంటాడు వదినా" అన్నాడు. అమ్మ ఊరుకుంటుందా, "వాడు పటాలంలో ఏ ఊరికి వెళ్ళాలో తేల్చే చీటీ తీసేటప్పుడు కిన్మెనే రావాలని మొక్కుకుంది నువ్వేనేమో, ఈ మిఠాయి కోసం" అంది. నాన్న కూడా నవ్వాడు. అమ్మ నీకు రెండు జతల మేజోళ్ళు, ఎండబెట్టిన ముల్లంగి వరుగులు కట్టింది. నువ్వు వరుగులు తినవని చెప్పినా వినలేదు, ఎవరికైనా పంచిపెట్టు.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. ఫోను నాన్న కుర్చీ పక్కనే ఉంది. నీ వెనక చూస్తే పటాలం ఫోను కోసం వరసలో నిలబడ్డవాళ్ళు దగ్గుతూ ఉంటారు. ఆ దగ్గుల మధ్య చెప్పే సంగతులు కావివి.

ఇక నీ సంతకం బొమ్మ సంగతికొస్తాను. బొమ్మలాట ఇష్టపడేవాళ్ళు రాసుకునే ఆ ఇంటర్నెట్ ఫోరంలో తక్కినవాళ్ళంతా తమ రాతల కింద టీవీ బొమ్మలాటల మెరుపులూ పొగలూ పెట్టుకుని తిరుగుతుంటే, నీకు మాత్రం నాన్న చెయ్యి కావాలన్నావు. నాన్న మన సేనాని బొమ్మని గాల్లోకి విసరాలి, వాడు పిల్లిమొగ్గ వేసి తిరిగి తొడుగులా చేతికెక్కాలి, అది ఆగకుండా మళ్ళీ మళ్ళీ జరుగుతుండాలి అన్నావు. నువ్వు పటాలానికి వెళ్ళిన రోజు ఓడరేవులో అమ్మ చేతిరుమాలు తడిసిపోతుంటే, నువ్వు నా చెవిలో చెప్పిందీ అదే. నిన్ను చూసి నవ్వాలో తిట్టాలో తెలియలేదు నాకు.

నువ్వు కోరినట్టే చేశాను. నేలదేవుడి పుట్టినరోజున గుడి ముందు మనవాళ్ళు ఆడినప్పుడు, నేను పనిచేసే ఫోటో షాపులో అడిగి కెమెరా తెచ్చి వేదిక పక్కనుంచి వీడియో తీశాను. అందులోంచి విసిరే భాగాన్ని కత్తిరించి ఫ్రేములుగా విడదీశాను. రోజంతా పెళ్ళి ఆల్బముల్లో మొహాల మీది మచ్చలు చెరిపేదాన్ని, ఈ మాత్రం చేతకాకపోదు. కాని ఫోరం వాళ్ళు సంతకానికి ఎంత కాస్త జాగా ఇస్తారో నీకు తెలుసు. పక్కనున్న గుడి స్తంభం కోసేశాను, ఎర్ర తెరలో రంగులు తగ్గించాను, ఫ్రేము విడిచి ఫ్రేము తీసేశాను. పిసినారి దర్జీలా కత్తిరించుకుంటూ పోతే చివరికి ఎలాగో పట్టింది.

జనం మెచ్చుకున్నారు. తైపేలో ఉండే ఆ పెద్దాయన, 'పాత చెక్కపెట్టె' పేరుతో రాస్తాడే, "ఇలాంటి చెయ్యి ఇంకా మిగిలి ఉందా" అని రాశాడు. ఇంకొకరు ఊరి పేరు అడిగారు. నీ ఖాతాలోంచి నీలాగే గొప్పలు పోతూ జవాబు రాసి, మూడో నెలలో మాజు అమ్మవారి పుట్టినరోజుకి మా ఊళ్ళో ఆట ఉందని కూడా చెప్పేశాను. అప్పుడు నాకు బుద్ధి ఎక్కడికి పోయిందో తెలియదు.

పోయిన ఉత్తరంలో నువ్వు ఒకటడిగావు. కిన్మెన్ ఊళ్ళో నెట్ షాపులో చూశాను, బాగుంది గాని దిగేటప్పుడు సేనాని అంగీ అంచు కిందికి వేలాడుతోందేం అని. పైనుంచి దిగేవాడికి గాలి కిందనుంచి తగిలి అంచు పైకి లేవాలి కదా, ఫ్రేములు ఏమైనా తారుమారయ్యాయా అని. అది చదివి ఉత్తరం మడిచి దాచేశాను. ఈ జవాబు ఇంత ఆలస్యం కావడానికి కారణం అదే. దానికి జవాబు చెప్పేముందు ఇంకో సంగతి చెప్పాలి.

పదిరోజుల కింద గుడి కమిటీ పెద్ద మనింటికి ఫోన్ చేశాడు. తైపే నుంచి, తైచుంగ్ నుంచి కొందరు కెమెరాలతో వస్తున్నారట. కంప్యూటర్లో మీ సేనాని ఎగరడం చూశారట, దాన్ని కళ్ళారా చూడాలట. ముందు వరసలో వాళ్ళకి బల్లలు వేయిస్తాడట. ఆయన సంబరం ఫోన్లోంచి బయటికి వినబడుతోంది. నాన్న "సరే, సరే" అంటూ ఎడమ చేత్తో ఫోను పెట్టేశాడు. నాకు మాత్రం ఆ సంబరం రాలేదు.

ఎందుకంటే తమ్ముడూ, ఫ్రేములు తారుమారు కాలేదు. నేనే తిప్పిపెట్టాను. పైకి ఎగిరిన ఫ్రేములనే వెనక నుంచి ముందుకి నడిపించి, దిగి చేతికొచ్చినట్టు చేశాను. ఆ వీడియోలో సేనాని చేతికి రాలేదు. కింద పడ్డాడు.

బాబాయి డోలు ఆపలేదు. నాన్న ఎడమచేతి బొమ్మతో కథ లాక్కుపోయాడు. ముందు కూచున్న ముసలమ్మలు సేనాని దాక్కున్నాడనే అనుకున్నారు. ఆట అయ్యాక నాన్న గుడిలోకి వెళ్ళి, దేవుడి జవాబు చెప్పే చెక్కబిళ్ళలు వేసి దేవుణ్ణి క్షమాపణ అడిగాడు. "ముసలమ్మలు చూడకపోతే మాత్రం ఏమైందే, ఎవరికోసం ఆడామో ఆయన చూశాడుగా" అన్నాడు. బిళ్ళలు ఎలా పడ్డాయో చెప్పలేదు. ఆ రాత్రే సేనాని ముక్కు మీద చితికినచోట రంగు పూశాడు.

కొత్త సంవత్సరం నుంచీ నాన్న కుడిచేతి బొటనవేలు మాట వినడం లేదు. అంతకుముందు నువ్వుండగా కూడా టీ కప్పు ఎడమ చేత్తోనే పట్టుకునేవాడు, మనం గమనించలేదు. ఫ్రేములు ఒక్కొక్కటే చూస్తుంటే నాకు తెలిసింది. చెయ్యి సరిగ్గా సేనాని వచ్చే దారిలోకే వెళ్ళింది. చూపుడు వేలు తల కోసం సిద్ధంగా ఉంది. బొమ్మ చేతిలో దూరాల్సిన బొటనవేలే తెరుచుకోలేదు. ఆ ఫ్రేమును అలా చూస్తూ చాలాసేపు ఉండిపోయాను. దాన్ని నీకు పంపలేకపోయాను. డాక్టరు నరాల పరీక్షలు చేయించమన్నాడు. నాన్నేమో అమ్మవారి పుట్టినరోజు వెళ్ళాక చూద్దామంటాడు. విసరడం ఈసారికి మానెయ్యమని అమ్మ అంటే లేచి వెళ్ళిపోయాడు. నాతో మాత్రం "వాడక్కడ తుపాకీ పట్టుకుని కాపలా కాసేవాడు, ఇవన్నీ రాసి వాడి బుర్ర పాడు చెయ్యకు" అన్నాడు.

ఆ రోజు నుంచీ నాకు నిద్ర లేదు. బల్లల మీద కూచుని కెమెరాలు పట్టుకున్నవాళ్ళే కళ్ళ ముందు మెదులుతున్నారు. నేను లేనిపోనిది అతికించి, వాళ్ళని నాన్న ఎదుట కూచోబెడుతున్నాను.

కమిటీ పెద్ద ఫోన్ చేసిన సాయంత్రమే నాన్న వచ్చి, "ఏదీ, వాళ్ళు చూసిందేదో నాకూ చూపించు" అన్నాడు. ఏం చేస్తాను, చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని తెర దగ్గరికి వంగాడు. సేనాని ఎగురుతున్నాడు, చేతికొస్తున్నాడు, మళ్ళీ ఎగురుతున్నాడు.

"అంగీ అంచు వేలాడుతోందే" అన్నాడు.

నేను ఆపెయ్యబోతే ఆగమన్నాడు.

"ఇది నేలదేవుడి గుడి దగ్గరిది కదూ. ఆ వేళ పడిపోయాడు కదే వీడు."

"నేనే తిప్పాను నాన్నా."

ఆయన ఇంకాసేపు చూశాడు. తిడతాడనుకున్నాను. "తీసెయ్యనా?" అనడిగాను.

"ఉండనీ. ఇక్కడైనా చేతికొస్తున్నాడు" అన్నాడు. లేచి గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "మీ తమ్ముడు చూశాడా దీన్ని?"

"చూశాడు."

"ఏమన్నాడు?"

"అంచు తప్పుగా ఉందన్నాడు. పైకి లేవాలట."

"వాడికి కనబడిందా" అన్నాడు. మళ్ళీ తనలో తనే, "చెప్పకుండానే కనబడిందన్నమాట" అన్నాడు. ఆయన మొహం అంత తేటగా ఉండగా నేను చూసి చాలాకాలమైంది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

నిన్న పొద్దున ఆయన సేనాని తల విప్పి, చెయ్యి దూర్చే లోపలి సంచీని తెచ్చి అమ్మ ఒళ్ళో పడేశాడు. "కుట్లు విప్పి వేరే కొలతకి కుట్టు" అన్నాడు.

"ఇన్నేళ్ళుగా ఉన్న కొలతే కదండీ, మీ చెయ్యేమైనా లావెక్కిందా?" అంది అమ్మ.

"నా చేతికి కాదు" అని వీధిలోకి వెళ్ళిపోయాడు.

అమ్మ కుట్లు విప్పేసింది. ఇప్పుడు ఆ గుడ్డ బల్ల మీద ఉంది. తల లేని సేనాని అంగీ చిలక్కొయ్యకి వేలాడుతోంది. ఆయన తనకి బదులు సేనానిని ఆడించడానికి నిన్ను రమ్మని అడగడు, చచ్చినా అడగడు. నేనడుగుతున్నాను. ఈ ఉత్తరం అందిన రోజే సెలవుకి అర్జీ పెట్టు. అమ్మవారి పుట్టినరోజొచ్చేది కిన్మెన్‌లో పొగమంచు పడి విమానాలు ఆగిపోయే నెల. రెండు రోజులు ముందుగానే బయల్దేరేలా చూసుకో. నీకు సెలవిస్తారో లేదో, మంచు విడుస్తుందో లేదో, వచ్చినా ఇన్ని నెలలు తుపాకీ పట్టిన చేతికి బొమ్మ పట్టుబడుతుందో లేదో అని నాకు ఒకటే భయం. ఇవేవీ నాన్న దగ్గర అనను. నీ దగ్గర కాక ఎవరి దగ్గర అనుకోను.

జవాబులో ఏమీ రాయకపోయినా పరవాలేదు. తెల్ల కాగితం మీద నీ కుడి అరచెయ్యి ఆనించి, చుట్టూ పెన్సిలుతో గీసి పంపు. అమ్మ కొలత కోసం కూచుని ఉంది. బొటనవేలు మాత్రం బాగా తెరిచి గీయి.

ఇట్లు,
సూది దారం ఎక్కించి పెట్టుకున్న అమ్మ పక్కనుంచి,
నీ అక్క ష్యూ-ఫాంగ్.