కుండీ బరువు

…అలాగని కుండీల్లో నీళ్లు అత్తే పోస్తోందని ఖాయంగా చెప్పలేను. నిన్న ఇక్కడిదాకా రాసేసరికి మెట్ల మీద చప్పుడైంది. కాగితం పరుపు కింద తోసేసి, చరిత్ర పుస్తకం తిరగేస్తున్నట్టు నటించాను. ఈరోజు ఆదివారం. నాన్న డిపోకి వెళ్లాడు, బస్సుల ముందు మంచు తవ్వాలట. ఎడ్నా అత్త చర్చికి వెళ్లింది. నాకు గంటన్నర ఉంది.

నిన్నటి హడావుడిలో మొదట రాయాల్సిన మాటే రాయలేదు. ప్రియమైన అమ్మకి, నీ బెరిల్ ముద్దులు. ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. నువ్వూ అక్కడ ఆస్పత్రిలో బాగానే ఉన్నావని రాయాలి కదా, రాస్తున్నాను. ఆ మాట దగ్గర చెయ్యి ఆగుతోంది. ఎందుకో చివర్లో చెప్తాను, అప్పటిదాకా ధైర్యం మిగిలితే.

ముందు నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. పైపు ఇంకా గడ్డకట్టే ఉంది. క్రిస్మస్ మర్నాడు పడ్డ మంచు ఫిబ్రవరి వచ్చినా కరగలేదు. వీధి మలుపులో నీళ్ల లారీ ఆగితే అందరం బకెట్లతో నిలబడుతున్నాం. ఇంటికి రోజూ మూడు బకెట్లు. అత్త వాటిని జగ్గుతో కొలిచి పంచుతుంది: ఇది వంటకి, ఇది నాన్న గడ్డానికి, ఇది నీ ముఖానికి. బడి రెండు వారాలు మూసి మొన్నే తెరిచారు. అందరం కోట్లు వేసుకునే కూర్చుంటున్నాం, సిరా కూడా గడ్డకడుతోంది. నాన్న దగ్గు తగ్గింది. అత్త రోజూ ఛాతీకి బాతు కొవ్వు రుద్దుతోంది. ఆయన గదిలోకి వస్తే ఇల్లంతా క్రిస్మస్ భోజనం వాసన.

ఇక నీ చివరి ప్రశ్న. “లావెండర్ కుండీలకి నీళ్లు సరిగ్గా పోస్తున్నావా?”

అమ్మా, ఆ ప్రశ్న నువ్వు అడిగిందేనా?

నువ్వు జీవితంలో ఎప్పుడూ అలా అడగలేదు. నువ్వు అడిగేది ఒక్కటే: “ఎత్తి చూశావా?” నాకు ఆరేళ్లప్పటి నుంచి అంతే. రెండు చేతులతో కుండీ ఎత్తు. ఖాళీ కెటిల్ అంత తేలిగ్గా ఉంటే అప్పుడు ఒక్క కప్పు పొయ్యి. బరువుంటే పోయకు, ఎంత వాడినట్టు కనిపించినా సరే. చలికాలంలో దానికి నిద్రే తిండి. వెలుతురున్న చల్లటి కిటికీ చాలు. వేళ్లు తడిలో నానాయంటే మాత్రం ఎవరూ బతికించలేరు. ఇవన్నీ చెప్పిన మనిషి “నీళ్లు పోస్తున్నావా” అని రాయదు. పైగా ఆ ఉత్తరం నీ చేతిరాత కాదు. గుండ్రంగా, పలక మీద దిద్దినట్టున్న అక్షరాలు. “చెయ్యి నొప్పిగా ఉంది, నర్సు రాసిపెడుతోంది” అని మొదటి వాక్యం. అది కూడా నర్సు రాసిందే కదా, మరి ఎలా నమ్మను?

ఇంకా చెప్తాను. పోయిన బుధవారం బకెట్ పట్టుకుని వెళ్తే, లారీ దగ్గర అత్త, పక్కింటి మిసెస్ పార్జిటర్ తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకుంటున్నారు.

“పిల్లకి చెప్పారా?” అంటోంది ఆవిడ.

“మా తమ్ముడికి నోరు రావట్లేదు. నేను చెప్తానంటే వద్దంటాడు. ష్… వస్తోంది.”

మిసెస్ పార్జిటర్ వెంటనే నావైపు తిరిగి, “ఏమే బెరిల్, ఆ జుట్టేంటి అలా ఉంది? పిండితే కారే నూనె చాలు, మా ఇంట్లో చేపలు వేయించుకోవచ్చు!” అంది. అత్త కూడా నవ్వింది. అంత పెద్దగా నవ్వాల్సిన మాటేం కాదు అది.

కుండీల సంగతి అదే రోజు అడిగాను. అత్త వంటింట్లో నీ ఏప్రన్ కట్టుకుని బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. నీ ఏప్రన్, అమ్మా. తనది సూట్‌కేసులో మడతపెట్టే ఉంది, నేను చూశాను.

“అత్తా, ముందుగదిలో కుండీలు ముట్టుకున్నావా?”

“నేనా? ఆ బూడిదరంగు పుల్లల జోలికి నేనెందుకు పోతానే? మీ అమ్మ మంచి టీ కప్పు కూడా నన్ను నమ్మి చేతికివ్వదు, అవి ఇస్తుందా?”

“మట్టి తడిగా ఉంది మరి.”

అత్త కత్తి పక్కన పెట్టి నన్ను తేరిపార చూసింది. “అదే నేనూ అడుగుదామనుకుంటున్నా. బకెట్లో రోజూ ఒక జగ్గు తక్కువొస్తోంది. నీకేమైనా తెలుసా?”

“నాకేం తెలుసు?”

“తెలీదా?”

“తెలీదు.”

“సరే అయితే” అని మళ్లీ కత్తి తీసుకుంది. ఆ ‘సరే’లో సరే లేదు.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. చర్చిలో ప్రార్థన అయిపోయిన గంట ఇంకా కొట్టలేదు.

అమ్మమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. నువ్వు నల్ల రిబ్బను ఆరు ముక్కలు కత్తిరించి ఆరు కుండీల మెడలకీ కట్టావు. ఒక్కో కుండీ దగ్గర వంగి, “మీ పెద్దావిడ వెళ్లిపోయింది, ఇకనుంచి నేను చూసుకుంటాను” అని చెప్పావు. ఇంట్లో ఎవరైనా పోతే మొక్కలకి చెప్పాలి, చెప్పకపోతే అవి బెంగతో ఎండిపోతాయి అన్నావు. అత్త అది చూసి, ఈ మిచమ్‌ ఊరివాళ్లకి పిచ్చి అని నవ్వింది. నాన్న నవ్వలేదు. కత్తెర పట్టుకుని నీ పక్కనే నిలబడ్డాడు. ఇప్పుడు మన ఇళ్లున్న నేలంతా అమ్మమ్మ చిన్నప్పుడు లావెండర్ పొలాలేనని, ఆవిడ అందులో కోతకి వెళ్లేదని, చివరి పొద పీకేసిన రోజున తెచ్చిన కొమ్మలే మన ఆరు కుండీలయ్యాయని ఆరోజే నాన్న నాకు చెప్పాడు.

పన్నెండు రోజుల క్రితం, బడి నుంచి వచ్చి కుండీలు తిప్పుతున్నాను. రోజూ పావు వంతు తిప్పాలి కదా, లేకపోతే వెలుతురు వైపే వంగిపోతాయి. ఆరోది, అన్నిటికన్నా చిన్నది, అంచు విరిగినది తిప్పితే వెనకవైపు నల్ల రిబ్బను కనిపించింది. చిన్న ముడి, గోడవైపు దాచి కట్టినది.

విప్పి చూశాను. దుకాణంలో కొన్న నలుపు కాదది. తెల్ల రిబ్బనుకి సిరా పట్టించారు, నా చేతికి నీలంగా అంటుకుంది. పసిపిల్లల టోపీకి కట్టేంత సన్నంగా ఉంది. నీ అల్లిక సంచిలో అలాంటి రిబ్బను చుట్ట ఉండేది, నాకు గుర్తుంది. వెళ్లి చూస్తే సంచిలో చుట్ట ఉంది, కొంచెం కత్తిరించి ఉంది. శరదృతువంతా నువ్వు ఏదో పసుపు ఉన్నితో అల్లుతూ, నేను గదిలోకి రాగానే దిండు కింద పెట్టేసేదానివి చూడు, అది మాత్రం లేదు. నువ్వు ఊపిరితిత్తుల విశ్రాంతికి సముద్రం పక్కన ఆస్పత్రికి వెళ్లేటప్పుడు పట్టుకెళ్లావో, ఎవరు తీశారో తెలీదు. ఈ ఇంట్లో నాకు ఏదీ ఎవరూ చెప్పరు.

రిబ్బను కట్టారంటే ఎవరో పోయారు. ఈ ఇంటి మనుషుల్లో నా కళ్ల ముందు లేనిది నువ్వొక్కదానివే.

అప్పటి నుంచి వీళ్లనే గమనిస్తున్నాను. నాన్న నా కళ్లలోకి చూడడు. రోజూ సాయంత్రం డిపో నుంచి వచ్చేటప్పుడు వీధిలో టెలిఫోన్ గది ముందు నిలబడతాడు, ఒక్కోసారి లోపలికి వెళ్తాడు, ఒక్కోసారి వెళ్లకుండానే వచ్చేస్తాడు. “ఎవరికి ఫోన్ నాన్నా?” అంటే “డిపోకి” అంటాడు. డిపో నుంచే కదా వస్తున్నాడు! నిన్ను చూడ్డానికి వెళ్దామంటే, దారిలో పట్టాల మీద మంచు, రైళ్లు లేవంటాడు. పేపర్లో చూశాను. రైళ్లు ఆలస్యమే గానీ ఉన్నాయి.

ఇప్పుడు నా తప్పు. నిన్నటి పేజీ చించేద్దామనుకున్నాను, కానీ నాకిక నాలుగు కాగితాలే ఉన్నాయి. అందులో ఎవరో నీళ్లు పోస్తున్నారని, అత్త మీద అనుమానమని రాశాను కదా. ఎవరో కాదమ్మా. నేనే.

రిబ్బను విప్పి పొయ్యిలో పడేశాను. అది ఉంటే నిజమవుతుంది అనిపించింది. కాలిపోయాక భయం పట్టుకుంది. నువ్వు చెప్పావు కదా, మొక్కలకి చెప్పకపోతే ఎండిపోతాయని. చెప్పినదాన్ని నేను చెరిపేశాను. ఇక అవి ఎండిపోయాయంటే నువ్వు నిజంగానే… ఆ మాట రాయను. అవి ఎండకూడదు, అంతే. మర్నాటి నుంచి నా ముఖానికిచ్చిన నీళ్లు, జుట్టుకిచ్చిన నీళ్లు, అది చాలక బకెట్లోంచి ఒక జగ్గు. ఎత్తి చూశాను, బరువుగానే ఉన్నాయి. అయినా పోశాను. ఆకులు వంగితే ఇంకా పోశాను. చలేమోనని ముందుగది కిటికీ నుంచి తెచ్చి వంటింటి పొయ్యి పక్కన పెట్టి, అత్త లేచేలోపు మళ్లీ పట్టుకెళ్లి పెట్టేదాన్ని.

మూడు పోయాయమ్మా. మొదట కింది ఆకులు నల్లబడ్డాయి, తర్వాత కొమ్మ పట్టుకుంటే తోలు ఊడొచ్చింది. మట్టిలో లావెండర్ వాసన లేదు, నేలమాళిగ వాసన వస్తోంది. అమ్మమ్మ పెద్ద కుండీ కూడా పోయినవాటిలో ఉంది. పోయిన రెండు ఉత్తరాల్లో “ఆరూ బాగున్నాయి, కొత్త చిగురు కూడా వచ్చింది” అని రాసింది అబద్ధం.

మిగిలిన మూడూ పొడిగా ఉన్నాయి. వాటికి చుక్క నీళ్లివ్వట్లేదు ఇప్పుడు. పెద్ద కుండీ పైకొమ్మలు ఇంకా బూడిదరంగులోనే ఉంటే, ఐదు ముక్కలు గిల్లి, నువ్వు చేసినట్టే మడమతో సహా, అంటే అడుగున పాత కొమ్మ తోలు కాస్త అంటుకుని వచ్చేలా లాగి, ఇసుకలో గుచ్చాను. జామ్ సీసాలు బోర్లించి నా గది కిటికీలో, తెర వెనక, పళ్లెంలో పెట్టాను. అత్త చూడలేదు. ఐదింట్లో రెండు తలవంచాయి. మూడు నిలబడ్డాయి.

చర్చి గంట కొడుతోంది. కాబట్టి త్వరగా అడిగేస్తాను. నువ్వు ఉంటే, నన్ను తిట్టు. నీ చేత్తో రాసి తిట్టు. “పోసేముందు ఎత్తి చూడమని ఎన్నిసార్లు చెప్పాను, నీ తలలో ఏముంది” అని, ‘త’ని వంకరగా, నీ మామూలు కోపంతో రాయి. నర్సు రాసిన మంచి మాటలు నాకొద్దు. అమ్మమ్మ కుండీని చంపేశానని ఎంత తిట్టినా పడతాను. ఈ ఉత్తరం అత్త చేతికివ్వను, నేనే మంచులో నడిచి పోస్టు పెట్టెలో వేస్తాను.

ఎప్పుడు ఆపాల్సొస్తుందో తెలీదు, అందుకని సంతకం ముందే పెట్టేస్తున్నాను.

ఇట్లు,
నీ జవాబు కోసం చూస్తున్న నీ కూతురు,
బెరిల్

కింది తలుపు తెరుచుకుంది. అత్త అనుకున్నా, కానీ అవి నాన్న బూట్లు. డిపో నుంచి ఇంత తొందరగా ఎందుకొచ్చాడు? మెట్లెక్కుతున్నాడు. పరిగెత్తుతున్నాడు. నాన్న ఎప్పుడూ మెట్ల మీద పరిగెత్తడు.

తలుపు కొడుతున్నాడు. గొళ్లెం పెట్టాను. రాస్తున్నాను, చెయ్యి ఆగితే ఏడుస్తాను.

“బెరిల్, తల్లీ, తలుపు తియ్యి. నేను కట్టిన రిబ్బను కనిపించట్లేదని అత్త చెప్పింది. నువ్వు చూశావు కదూ? ఏమనుకున్నావే పిచ్చిదానా… ఏమనుకుని ఉంటావో నాకిప్పుడు అర్థమైంది. అది అమ్మకి కాదు. వింటున్నావా? అమ్మకి కాదు. నీకో తమ్ముడు పుట్టాడమ్మా. ఒక్కరోజే ఉన్నాడు. నీకెలా చెప్పాలో నాకు తెలీలేదు.”

చిన్న కుండీ. టోపీ రిబ్బను. పసుపు ఉన్ని.

లారీ దగ్గర అత్త, మిసెస్ పార్జిటర్ నన్ను చూసి మాట మార్చినట్టే, ఇది కూడా వీళ్లంతా అనుకుని చెప్తున్న మాటేమో. “ఆ ఉత్తరం ఎవరు రాశారు?” అని అడిగాను, తలుపు తియ్యకుండా.

“నేనే ఫోన్‌లో చెప్పి నర్సుతో రాయించాను. అప్పుడు అమ్మ కలం పట్టుకునే స్థితిలో లేదు. ఇప్పుడే మాట్లాడాను బెరిల్, తనే నడుచుకుంటూ ఫోన్ దాకా వచ్చింది. గొంతు బొంగురుగా ఉంది. ముందు నీ గురించి అడిగింది. తర్వాత ఏదో కుండీల గురించి… నాకు సరిగ్గా అర్థం కాలేదు. ‘ఎత్తి చూస్తోందా?’ అని అడగమంది. ఏంటే, ఎత్తి చూసేది?”

కాగితాలు జామ్ సీసాల పళ్లెం కింద పెట్టి, గొళ్లెం తియ్యబోతున్నాను.