రాలిన కాయలు

14-6-1983, మంగళవారం. హోసూరు.

నిరుడు నంజమ్మ మా గడప దగ్గరకు వచ్చిన ఉదయం అన్ని ఉదయాల వంటిదే. నాలుగున్నరకు లేచాను. గడప కడిగి పసుపు రాశాను. దీపం పెట్టి లలితా సహస్రం సగంలో ఉండగా, కింద తమ్ముడు కేశవమూర్తి అంగడి పలకలు ఒక్కొక్కటే తీస్తున్న చప్పుడు. బెల్లం బండి ఇంకా రాలేదని వాడి సణుగుడు. మరదలు తార కాఫీ గింజలు వేయిస్తున్న వాసన. లేచి చూస్తే వాకిట్లో ఆమె. కుడిచేతిని కొంగుతో మెడకు కట్టుకొని ఉంది.

వేప్పనపల్లి వైపు మామిడితోటలో కాపలా మనిషి. కాయలు దొంగిలించావని తోట ఆసామి చెన్నకేశవ పార తిరగేసి కొట్టాడు. ఎముక విరిగింది. మహిళా సంఘంలో ఉన్నానని ఎవరో నా పేరు చెప్పారట. ఆస్పత్రికీ, పోలీసు స్టేషనుకూ వెంట పోయాను.

రేపు కృష్ణగిరి కోర్టులో ఆమె సాక్ష్యం. మేజిస్ట్రేటుకు తెలుగు రాదు, ఆమెకు తమిళం రాదు. కోర్టు ఇంటర్‌ప్రిటర్ లీవు. నన్నే చెప్పమన్నారు, ఎదుటి వకీలూ సరేనన్నాడు. యాభై నాలుగేళ్లకు నాకు ఇంత ఉత్సాహమా! చీర రెండుసార్లు మార్చి పెట్టుకున్నాను.

15-6, బుధవారం.

విన్నది విన్నట్టే చెబుతానని ప్రమాణం చేశాను.

సేలంనుంచి వచ్చిన ఎదుటి వకీలు, కాయలు తీసుకున్నావా లేదా అని గద్దించాడు. నంజమ్మ బెదరలేదు. తీసుకున్నాను సామీ, ఆరు కాయలు, ఆరు కాయలకు ఒక చెయ్యా, అని వంకరగా అతికిన చేతిని ఎత్తి చూపింది. తమిళంలో చెప్పాను: కింద రాలిన ఆరు కాయలు ఏరుకున్నాను, ఆరు కాయలకు ఒక చెయ్యా?

రాలినవి అని ఆమె అనలేదు. నేను అన్నాను. మా వైపు రాలిన కాయ కాపలావాళ్లదే, ఎవరూ కాదనరు. నోరు దాటాక తెలిసింది. మేజిస్ట్రేటు అప్పటికే రాసుకుంటున్నారు.

చెన్నకేశవకు రెండు భాషలూ వచ్చు. బోనులోనుంచి నావైపు చూశాడు. నవ్వాడు.

ఆ ఒక్క మాటతో కేసు నిలిచిందని సర్కారు వకీలు సంబరపడ్డాడు. తీర్పు సోమవారం. బస్సులో నంజమ్మ, ఎంత బాగా చెప్పినారమ్మా అని హోసూరు వచ్చేదాకా మురిసిపోయింది. నేనూ మురిశాను. దాచుకోను, మురిశాను.

16-6.

రాలినవే అయి ఉంటాయి. అడగలేదు.

17-6, శుక్రవారం. పగలు పదకొండు.

చెన్నకేశవ అంగడికి వచ్చాడు. నేను మెట్ల మీదనే ఉన్నాను. ఏమప్పా కేశవా, మీ వాసవాంబక్కయ్య తమిళం భలే ఉండాది, నంజి అననిది కూడా అనేసింది అన్నాడు. కేసు రాజీ చేయించమను, లేకుంటే సోమవారం మా వకీలుతో చెప్పిస్తా, ప్రమాణం చేసి అబద్ధమాడిన శెట్టిగారింటి ఆడపడుచును ఊరంతా చూస్తుంది, అని తమలపాకు నోట్లో పెట్టుకుని పోయాడు.

తమ్ముడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. తార మాత్రం, ఏం కోర్టు వదినా, జైలుకు మడిబట్ట ఒకటా, రెండా అంది. నవ్వు వచ్చింది. భయానికి కూడా నవ్వు వస్తుందని ఇన్నేళ్లకు తెలిసింది.

18-6, శనివారం.

పూజ ముగించి మొదటి బస్సుకే వేప్పనపల్లి పోయాను. అడిగాను.

రాలినవి యాడుండాయమ్మా, కొమ్మ వంచి కోసినాను అంది నంజమ్మ. కూతురు అప్పుడు కడుపుతో ఉండెనట, పులుపు కావాలని ఏడ్చిందట. చెప్పడానికి సిగ్గేమీ లేదు ఆమెకు.

నేను చేర్చిన మాట చెప్పాను. చెన్నకేశవ బెదిరింపు చెప్పాను. నిజం బయటపెడితే నీ కేసు పోవచ్చు, రాజీ చేసుకుంటే నా పరువు నిలుస్తుంది, అందుకే రాజీ మంచిదని చెప్పే హక్కు నాకు లేదు అన్నాను.

నంజమ్మకు కోపం వచ్చింది. చెయ్యి నాది, మాట నాది, నడుమ మీదేముండాదమ్మా అంది. నేను దొంగనని మీకు సిగ్గయిందా అని కూడా అడిగింది.

అవును. అదే. దణ్ణం పెట్టాను.

నంజమ్మ ఒంటిచేత్తో సంచీ సర్దుకుంది. పదండి, మీ ఇంట్లో ఏమంటారో విందాము అంది.

19-6, ఆదివారం. మధ్యాహ్నం.

సహస్రనామంలో మూడుసార్లు తప్పాను. సాయంత్రం నలుగురమూ కూర్చుని తేల్చుకోవాలి. దిగులు కాదిది. పెళ్లివారి బండి కోసం వీధిలోకి తొంగిచూసే పిల్లలా ఉన్నాను.

అదే రోజు, సాయంత్రం.

తమ్ముడు రాజీ అన్నాడు. తార ఒప్పుకోలేదు; మన అంగట్లో నిలబడి వాడు బెదిరించి పోతే, రేపు ప్రతివాడూ ఇట్లనే వస్తాడు అంది. నంజమ్మ, కోసినానని నేనే చెప్తాను, కోసినంత మాత్రాన చెయ్యి విరిచేస్తారా అని అడుగుతాను, అమ్మ నేను చెప్పినంతే చెప్పవల్ల అంది.

తీర్మానమైంది. రేపు తీర్పు చదవకముందే, వాడు నోరు తెరవకముందే, మేమే చెబుతాము. తమ్ముడు అంగడి మూసి వెంట వస్తాడు.

లేవబోతుంటే నంజమ్మ నా కొంగు పట్టుకుంది. ఇంకొకటమ్మా, ఆరు కాదు, ఏడు.

ఏడనే చెబుతాను.