పద్నాలుగు ఖాళీ గడుల గురించి

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా భార్య కిడ్నీ పరీక్ష ఫారంలో తప్పుగా ఇంటూ మార్కు కొట్టిన పద్నాలుగు గడులను సోమవారం లోపు సరిచేయించుట గురించి.

లేతు మిషను పనివాడనైన నేను సవినయముగా మనవి చేసుకొనునది:

1. నా భార్య ఒంట్లోని రోగనిరోధక శక్తి తిరగబడి, రక్తనాళాలు వాచి, కిడ్నీలు దెబ్బతినుచున్నవని తమ డాక్టర్లు తేల్చిరి. సూదితో కిడ్నీ ముక్క తీసి, కిడ్నీలు ఎన్నాళ్లు పనిచేయునో అంచనా కట్టుటకు ఫారం నింపిరి.

2. సదరు ఫారంలో కిడ్నీలోని వడపోత జల్లెడలకు ఇరవై గడులున్నవి. ముక్కలో దొరికినవి ఆరే. వాటిలో నాలుగు బాగున్నవి. దొరకని పద్నాలుగింటికి కూడా చెడినవన్నట్టు ల్యాబు ఆయన ఇంటూ కొట్టెను. అడుగగా, "ఖాళీగా వదిలితే కంప్యూటరు ముందుకు పోదయ్యా, ఏదో ఒకటి కొట్టాలి కదా" అనెను. ఇరవైలో నాలుగే మంచివని లెక్క తేలి, నా భార్య "ఆశ లేదు" అను జాబితాలో పడినది.

3. ఆశ లేనివారికి మంచి మందు వృథా అని, మందు ఎవరికివ్వాలో తేల్చు తమ కమిటీవారు ఆపిరి. ఐదు నెలల్లో రెండు కిడ్నీలూ పోయినవి. పోవా మరి!

4. తప్పు దిద్దమని పోగా పెద్ద డాక్టరుగారు నవ్వి, "చెప్పినట్టే జరిగింది కదా, ఇంక తప్పెక్కడుంది?" అనిరి. వార్డు గోడకు "మా అంచనాలు తొమ్మిదికి తొమ్మిదీ నిజం" అని చార్టు కూడా అంటించిరి. ఆ తొమ్మిదోది నా పెళ్లాం. దాని మంచం ఆ చార్టు కిందే వేసిరి.

5. ఇప్పుడు వాపు ఊపిరితిత్తులకు పాకి, దగ్గితే నెత్తురు పడుచున్నది. అదే మందు కోసం సోమవారం అదే కమిటీ అదే ఫారం చూచును. తమ బిడ్డకైతే ఇలాగే కొట్టేస్తారా ఇంటూలు? క్షమించవలెను, ఈ వాక్యం కొట్టివేయుచున్నాను. వద్దులెండి, ఉండనివ్వండి.

పోయిన కిడ్నీలు ఇమ్మని అడుగుటలేదు. పద్నాలుగు ఇంటూలు చెరిపించిన చాలును. సోమవారం లోపల చిత్తగించిన సరి, ఆ తరువాత చిత్తగించినా మాకు పనికిరాదు.

తమ విధేయుడు,
మూడో వార్డు రోగి భర్త

తా.క.: రోగి సంతకం లేనిదే అర్జీ తీసుకోనన్నాడు మీ గుమాస్తా. పైన వార్డుకి తీసుకెళ్తే నా భార్య చేతిలో కలం నిలవలేదు. ఆక్సిజన్ మాస్కు పక్కకి జరిపి, "మీరే పెట్టేయండి, వీళ్లు నన్నెప్పుడు చూశారు గనక" అంది. కింద ఉన్నది దొంగ సంతకం సార్. నేనే పెట్టాను. కేసు పెట్టుకోండి, జైల్లో వెయ్యండి, మీ ఇష్టం. ముందు దానికి మందు ఎక్కించండి.