నూట యాభై ఏడు గాజులు

కటుకం పద్మలత అను నేను, కీర్తిశేషులు దశరథం కూతురిని, లక్సెట్టిపేట నివాసిని, రిటైరైన లెక్కల టీచరును, వయసు అరవై మూడేళ్లు, బుద్ధి తిన్నగా పనిచేస్తుండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, ఒక్క మనిషి మీద మాత్రం చెప్పలేనంత రోతతో రాయించిన వీలునామా ఇది. రోత వల్ల మతి చెడలేదని డాక్టరు సర్టిఫికెట్ జతచేశాను.

1. బస్టాండు రోడ్డులోని ఇల్లు నా జీతంతో కట్టుకున్న స్వార్జితం. ఎవరికీ వాటా లేదు. మా అన్న, రిటైరైన హెడ్మాస్టరు రాంచందర్, నేను బతికుండగానే దాని ముందు గదికి "రాంచందర్ మ్యాథ్స్ అకాడమీ" అని ఫ్లెక్సీ కొట్టించాడు. అందులో అతని మొహం తలుపంత ఉంది.

2. కారణం కాగితం మీద ఉండాలి. పదేళ్ల కింద మండల గణిత పోటీలో, పదుల లెక్కలో కాకుండా వేరే లెక్కలో ఒక ప్రధాన సంఖ్యను రాయమన్నారు. గాజుల షరీఫ్ బిడ్డ యుమ్నా, నా విద్యార్థిని, డజన్ల లెక్కలో 111 అని రాసింది. అంటే ఒక గ్రోసు (పన్నెండు డజన్లు), ఒక డజను, ఒక గాజు. మొత్తం నూట యాభై ఏడు. అది ఒకటితో, తనతో తప్ప దేనితోనూ శేషం లేకుండా పోదు.

న్యాయనిర్ణేత మా అన్న. మూడు ఒకట్లు కూడితే మూడు, కాబట్టి మూడుతో పోతుందని కొట్టేశాడు. ఆ కిటుకు పదుల లెక్కకు చెల్లుతుంది, ఎందుకంటే పదిని మూడు భాగాలు చేస్తే ఒకటి మిగులుతుంది. గ్రోసులో, డజనులో ఏమీ మిగలదు. ఇక్కడ మిగిలేది ఆ చివరి ఒక్క గాజే.

"రాసే తీరు మారితే గాజులు మారయి గద సార్," అంది యుమ్నా. "నోరు మూస్కొని పక్కకు నిలవడు," అన్నాడు, మైకులో. నేను లేచి తప్పని చెబితే, "ఆడోళ్లతోని నాకు లెక్కల ముచ్చటేంది," అని శాలువా సర్దుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. థూ.

3. ఇప్పటికీ అదే తప్పు పిల్లలకు నూరిపోస్తున్నాడు. యుమ్నా మాత్రం తండ్రి దుకాణం మెట్ల మీద సాయంత్రాలు లెక్కలు చెబుతోంది. వాన పడితే చదువు బంద్.

4. కనుక నా మరణానంతరం వకీలు శ్యాంసుందర్ నూట యాభై ఏడు గాజులు కొని రాంచందర్ ముందు పెట్టాలి. ఒక్కటీ పగలకుండా, ఒక్కటీ దాచకుండా మూడు సమాన కుప్పలు చేస్తే ఇల్లు అతనిదే. చేయలేకపోయినా, రాకపోయినా, ఇల్లు సర్వహక్కులతో యుమ్నాకు చెందుతుంది. ఫ్లెక్సీని పిల్లలు కూర్చోవడానికి పరుచుకోవచ్చు, మొహం నేలకు పెట్టి.

5. వదిన కోమలకు నా ఇనుప బీరువా, రెండు తాళంచెవులతో సహా. ఆ ఇంట్లో మొగుడు తెరవలేనిది ఆమెకు ఒక్కటైనా ఉండాలి. పాపం, నాకు దొంగచాటుగా సకినాలు పంపిన మనిషి.

6. నా దినాల్నాడు రాంచందర్ మైకు ముట్టకూడదు.

7. కుప్పకు యాభై రెండు పోగా ఒక గాజు మిగులుతుంది. దాన్ని రాంచందర్ తన చేత్తో యుమ్నాకు ఇచ్చి, "బిడ్డా, నీ లెక్కనే కరెక్టు," అనాలి. అతనికి నోరు రాకపోతే శ్యాంసుందర్ ఇచ్చి, నా మాటగా చెప్పాలి. ఇల్లు ఎలాగూ ఆమెదే. ఆ మాట కోసమే ఇన్ని గాజులు.

లక్సెట్టిపేట, 14 నవంబర్ 2025
(సంతకం) కటుకం పద్మలత

ఆమె సంతకం పెడుతుంటే ఇద్దరం చూశాం.
సాక్షులు: పర్శరాములు, పక్కింటివారు
సృజన, డాక్టరు