కంపెనీ రంగు

రాజపాళయం,
1946 జూలై

మా తాయమ్మక్కకు,

ఆవణి నెలలో నీ బిడ్డ చెవులు కుట్టే వేడుకకు సేత్తూరు తప్పక వస్తాను. కాని ఎద్దులబండి కట్టించుకొని వస్తాను. మీ మరిది కారులో మాత్రం కాలు పెట్టను. ఎందుకో చెబుతాను, నవ్వకు.

యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క కొట్టంలో మూలపడిన నల్ల కారు గుర్తుంది కదా. దాన్ని కొన్న నాడు ఎలా ఉందో అలాగే చేయాలని ఆయనకు పట్టుకుంది. మదురై నుంచి సంగిలి అనే పెయింటరు వచ్చి కొట్టంలోనే దిగాడు. పొద్దున లేస్తే ఉప్పుకాగితం నీళ్ళలో ముంచి రుద్దే చప్పుడే. తలుపు పిడి ఒకటి విరిగిందట. వేరేది పెడితే ఒప్పదని, కంపెనీ పిడి కోసం ఈయన మదరాసు దాకా పోయివచ్చారు. నా ముక్కుపుడక రాయి ఊడి ఏడాదైంది. దానికోసం మన బజారు దాకా పోవడానికి ఈయనకు తీరలేదు.

ఆ కారు కొన్నది ఆయన మొదటి పెళ్ళాం రాజాత్తి కాపురానికి వచ్చిన ఏడాది. ఆమె పోయిన తర్వాతనే నల్లరంగు కొట్టించారు. ఆమె పేరిట బంగారు బిళ్ళ ఒకటి నా పెళ్ళినాడే నా మెడలో కట్టారు కదా. కొత్త చీర ఏదైనా ముందు ఆ సవతి బిళ్ళకు తాకించి, తర్వాతే నేను కట్టాలి. ఏటా ఆమె తిథికి మా అత్త ఒక నీలం చీర తెస్తుంది. "అక్కా, తీసుకో అని చెప్పు" అంటుంది. నేను పెదవులు కదిపి ఊరుకుంటాను. నాకు ఒక్కతే అక్క, అది నువ్వు.

బతికున్న సవతైతే జుట్టు పట్టుకొని పోట్లాడవచ్చు. మెడలో వేలాడేదానితో ఏం చేసేది? ఇప్పుడు నలుపంతా గీకి ఆమె రోజులను బయటికి తీస్తున్నారు. నాకు కడుపు మండిపోతోంది.

నీ చెల్లెలు,
సరోజాదేవి

రాజపాళయం,
1946 ఆగస్టు

అక్కా,

చచ్చినదాని మీద కుళ్ళేమిటే అని జాబులో తిట్టావు. తిట్టు. కాని తర్వాత జరిగింది విను.

సంగిలి తలుపు మీద నలుపు వదిలిస్తే కింద నీలం వచ్చింది. ఏటా నాకు కట్టబెట్టే చీర నీలమే. వచ్చింది మహాతల్లి అనుకున్నాను.

"ఏ రంగుదాకా గీకేది అయ్యా?" అని సంగిలి ఆయన్ను అడిగాడు.

"ఇది కాదు. ఇంకా కిందికి పో. కంపెనీ వేసిండేది పచ్చ" అన్నారు.

నాకు అర్థం కాక అత్తను అడిగాను. "ఆ పచ్చ రాజాత్తికి నచ్చలేదు. వాడితో పోరాడి నీలం కొట్టించింది. ఆమె పోయి ఏడు తిరగకనే వాడు నలుపు కొట్టించినాడు. దుఃఖమని ఊరంతా అనుకొన్నారు, నేనూ అట్లే అనుకొన్నా" అంది.

అన్నం దగ్గర ఆయన్నే అడిగాను, ఆ నీలం ఉంచకూడదా అని.

"అది కంపెనీ రంగు కాదే. ఆమె ఉన్నప్పుడు సరేనంటిని. ఇంక ఎందుకు?" అని మజ్జిగ పోయమన్నారు.

నీ దగ్గర దాచను. ఆ పూట నాకు సంతోషమే అయింది. గెలిచినట్టు అద్దంలో ముఖం కూడా చూసుకున్నాను. సాయంత్రం కొట్టం వైపు పోతే, గీకిన నీలం నీళ్ళు కాలువ కట్టి నా కనకాంబరం పాదుల్లోకి పోతున్నాయి. అప్పుడు భయం పుట్టింది. వంటింటికి కిటికీ పెట్టించుకోవడానికి ఈయనతో ఎంత పోరాడానో నీకు తెలుసు. నేను పోతే, పాత గోడకు కిటికీ లేదు అని దాన్నీ పూడ్పిస్తారు.

"నా వైపు తలుపు లోపలి అంచున నీలం గీకొద్దు సంగిలీ" అన్నాను.

"అయ్య చూస్తే ఏం చెప్పేది అమ్మా?"

"తలుపు మూస్తే కనబడదు. తెరిచేది నేనే."

పచ్చరంగు కొట్టి ఆరాక ఆయన చూడనే చూశారు. ఇది మిగిలిపోయిండాదే అని గోటితో గీరబోయారు. "మిగల్లేదు, నేనే ఉంచమన్నాను" అన్నాను. ఆయన నా మెడలో బిళ్ళను చూశారు. చెయ్యి తీసేశారు.

నా కుళ్ళు పోయిందనుకోకు. రాజాత్తి ఉన్న నాలుగేళ్లలో మొగుడి కారు రంగే మార్పించిందంటే ఎంత గడుసుది. నాకు దక్కింది ఒక కిటికీ.

నిన్న చోళపురం పొలందాకా కారులో పోయివచ్చాం. తలుపు తెరిచి, బిళ్ళను చేత పట్టుకొని, ఈసారి నోరు తెరిచే అన్నాను, "అక్కా, నువ్వు ముందు ఎక్కు" అని. నువ్వు కోపం తెచ్చుకోకు. వేడుకకు ఎద్దులబండి వద్దు. ఆయన కాక మేమిద్దరం వస్తాం, రెండు పీటలు వేయించు.

ఇంకా కాస్త కుళ్ళుతోనే ఉన్న నీ చెల్లెలు,
సరోజ