ఏడు గజాల దగ్గర ఆగిన బావి

మా ఇంటాయనకు,

మీరు పోయి నేటికి ఏడాది. మీరు సగంలో ఆపేసిన బావి పక్కనే సర్కారు వాళ్లు వజ్రాల కోసం గుంత తవ్విస్తున్నారు. మన చెలక మీదుగా ఒకప్పుడు కృష్ణ పారిందట! అడుగున నున్నటి గులకరాళ్లు వచ్చాయి. వాటిలో వజ్రం ఉంటుందేమోనని జల్లెడలో కడిగి ఒక్కొక్కటే ఏరుతుంటే, పక్కన కూర్చుని నేనూ చూస్తున్నాను.

ఇంతలో గుంతలో దిగిన మల్లయ్య కేకేశాడు: "అవ్వా, నీళ్లు పడ్డయ్!"

"మనకు గావాల్సింది రాళ్లురా, నీళ్లు గాదు!" అని మేస్త్రీ నెత్తి పట్టుకున్నాడు.

తాడు వేసి కొలిపించాను. ఎనిమిది గజాలు. మీ బావి ఏడు గజాలు. "ఇంకొక్క గజం సూద్దం" అని మీరు బతిమాలితే, చాలించమన్నది నేనే.

బొక్కెనలో తోడించి, తేటపడ్డాక ఆ నీళ్లు తాగి చూశాను. తియ్యగా ఉన్నాయి.